సాగరగర్భంలో పాదచారి - విలియం బీబీ

కురుక్షేత్ర సంగ్రామం ముగింపు దశకు చేరుకున్నప్పుడు, సైన్యాన్నంతటినీ కోల్పోయిన దుర్యోధనుడు ద్వైపాయన హ్రదంలో ప్రవేశించి, జలస్తంభన విద్యా ప్రభావంతో నీటి అడుగున దాగి ఉన్నాడని మహాభారతం తెలియజేస్తున్నది. ఊపిరికి లోటు లేకుండా మడుగు అడుగున నిలిచి ఉండడం ప్రాచీనుల ఊహకు అందిన ఒక అద్భుతం. ఆ అద్భుతాన్ని ఒక రాగి శిరస్త్రాణం, ఒక రబ్బరు గొట్టం, ఒక చేతి పంపు అనే మూడు వస్తువులతో నిత్యకృత్యంగా మార్చుకున్న ప్రకృతి శాస్త్రజ్ఞుడు విలియం బీబీ. దుర్యోధనుడు తన్ను ఎవరూ చూడకూడదని నీటిలోకి దిగాడు. బీబీ తాను చూడడానికి, చూసినదాన్ని పదిమందికీ చూపడానికి దిగాడు. సముద్రపు అడుగున నడవడం గజ ఈతగాళ్ళకూ, ఓడల మరమ్మతు పనివారికీ మాత్రమే సాధ్యమని లోకం నమ్ముతున్న రోజుల్లో, అది సామాన్యులు సైతం పొందదగిన ఆనందమని చాటినవారిలో ఆయన అగ్రగణ్యుడు.

విలియం బీబీ 1877 జూలై 29న అమెరికాలోని న్యూయార్క్ నగరానికి చెందిన బ్రూక్లిన్‌లో జన్మించాడు. ఆయన బాల్యం పొరుగున ఉన్న న్యూజెర్సీ రాష్ట్రంలో గడిచింది. పక్షులను, కీటకాలను గమనించడం, వాటిని సేకరించి భద్రపరచడం చిన్ననాటి నుంచే ఆయనకు వ్యసనం వంటిది. న్యూయార్క్‌లోని ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల ఆయనకు రెండవ బడిగా మారింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో కొన్ని సంవత్సరాలు చదివినా, పట్టా పుచ్చుకోకుండానే 1899లో ఆయన బయటకు వచ్చాడు. అప్పుడే న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో కొత్తగా ఏర్పడుతున్న జంతు ప్రదర్శనశాలలో పక్షుల విభాగంలో ఉద్యోగం లభించడమే అందుకు కారణం. తరువాతి కాలంలో రెండు విద్యాసంస్థలు ఆయనకు గౌరవ డాక్టరేట్లు ప్రదానం చేశాయి. అయినా చదివి సంపాదించిన పట్టా లేదన్న మాట ఆయనను జీవితాంతం నీడలా వెన్నాడింది. ఆయన చెప్పినదాన్ని శంకించదలచినవారికి అది ఒక సులువైన సాకుగా ఉపయోగపడింది.

గ్రంథాలయంలో కూర్చుని, ఎండిన చర్మాలను, ద్రావకంలో నిలవ ఉంచిన కళేబరాలను పరిశీలించి ప్రాణుల గురించి వ్రాయడం బీబీకి తృప్తినివ్వలేదు. ప్రాణి ఎక్కడ జీవిస్తుందో అక్కడికే వెళ్ళి దాన్ని చూడాలన్నది ఆయన సిద్ధాంతం. ఫెజెంట్ జాతి పక్షుల అధ్యయనం కోసం 1909 చివర బయలుదేరి, 1911 వరకు సింహళం, భారతదేశం, బర్మా, చైనా, జావా, బోర్నియో మొదలైన దేశాలలో ఆయన సంచరించాడు. హిమాలయ సానువులలో మంచుకు, చలికి ఓర్చి పొదల చాటున కూర్చుని పక్షుల నడవడిని గమనించాడు. ఆ కృషి ఫలితంగా 1918 - 1922 మధ్య నాలుగు సంపుటాల బృహద్గ్రంథం వెలువడింది. దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానా అరణ్యంలో 1916లో ఒక పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పి, కొద్దిపాటి అడవిని ఎన్నుకొని, అందులోని జీవుల పరస్పర సంబంధాలను అధ్యయనం చేశాడు.

నేలమీద ఈ పద్ధతి చక్కగా ఫలించింది. కాని సముద్రం దగ్గరకు వచ్చేసరికి అది సాగలేదు. ఆనాటి శాస్త్రజ్ఞులు ఓడ మీద నుంచి వలలు విసిరి, వాటిలో చిక్కిన జీవులను పైకి లాగి పరీక్షించేవారు. పైకి వచ్చేసరికి చేపలు చనిపోయేవి, రంగులు వెలిసిపోయేవి, మెత్తని శరీరాలు గల జీవులు ముద్దగా మారేవి. ఒక విమానం ఆకాశం నుంచి వల జారవిడిచి, ఒక నగరం వీధుల గుండా ఈడ్చుకుపోయిందనుకుందాం. ఆ వలలో పడిన ఒక గొడుగును, ఒక చెప్పును, ఒక మనిషిని చూసి ఆ నగర జీవితాన్ని ఎంతవరకు ఊహించగలం? సముద్ర జీవితం గురించి ఆనాటి జ్ఞానం అంతకంటె మెరుగైనది కాదు. ఈ లోటును తీర్చుకోవడానికి బీబీకి కనిపించిన సాధనమే శిరస్త్రాణం.

శిరస్త్రాణం ఆయన కనిపెట్టినది కాదు. ఇంగ్లండులో ఛార్లెస్ డీన్ అనే ఆయన 1823లో పొగ నిండిన చోట్లకు వెళ్ళేవారి కోసం గాలిగొట్టం అమర్చిన ఒక లోహపు శిరస్త్రాణానికి హక్కులు పొందాడు. కొన్నేళ్ళ తరువాత ఆయనా, ఆయన సోదరుడు జాన్ డీన్ కలిసి దాన్నే నీటి అడుగున పనికి ఉపయోగించారు. ఆ శిరస్త్రాణపు అడుగు భాగం తెరిచి ఉండేది. 1830వ దశకంలో లండన్‌లో స్థిరపడిన అగస్టస్ సీబె అనే జర్మన్ లోహకారుడు శిరస్త్రాణాన్ని నీరు చొరని దుస్తులకు బిగించి, నిలువెల్లా మూసి ఉండే కవచాన్ని రూపొందించాడు. మునిగిన ఓడల నుంచి సామగ్రిని వెలికి తీసేవారు, రేవు కట్టడాలు నిర్మించేవారు దాన్నే ధరించసాగారు. అది బరువైనది, ఖరీదైనది. ధరించడానికి ఇతరుల సాయం, ఉపయోగించడానికి సుదీర్ఘమైన శిక్షణ అవసరం. బీబీకి కావలసింది అది కాదు. తక్కువ లోతులో, వెచ్చని నీటిలో, స్వేచ్ఛగా నడుస్తూ చుట్టూ చూడగలిగితే చాలు. అందుకే ఆయన అడుగు తెరిచి ఉన్న పాత పద్ధతి వైపే మొగ్గు చూపాడు.

దాని నిర్మాణం అతి సరళమైనది. రాగితో చేసిన ఆ శిరస్త్రాణం తలను కప్పి భుజాల మీద నిలుస్తుంది. ముఖానికి ఎదురుగా గాజు కిటికీలు ఉంటాయి. బరువు సుమారు 60 పౌన్లు, అంటే దాదాపు 27 కిలోలు. పడవలో ఉన్నవారు చేతి పంపు ఆడిస్తుంటే రబ్బరు గొట్టం ద్వారా గాలి శిరస్త్రాణంలోకి వస్తుంది. ఎక్కువైన గాలి అడుగు అంచు నుంచి బుడగలుగా వెలుపలికి పోతుంది. చెంబును నిటారుగా బోర్లించి నీటిలో ముంచితే లోపలి గాలి ఎలా నిలిచి ఉంటుందో, ఇందులోనూ అలాగే నిలుస్తుంది. ధరించినవాని మెడ వరకు నీరు ఉంటుంది, ముఖం మాత్రం తడవదు. ఒడ్డున మోయలేనంత బరువు నీటిలో దిగగానే తేలిక అవుతుంది. లోపలి గాలి పైకి తేల్చడానికి ప్రయత్నిస్తుంది కనుక, మనిషిని అడుగున నిలిపి ఉంచడానికి ఆ బరువే అవసరం. ఈ రెండింటి తూకాన్ని సరిగా కుదర్చడంలోనే శిరస్త్రాణ రూపకల్పనలోని నేర్పు అంతా ఉన్నది. బరువు తగ్గితే మనిషి కాలు నేల మీద ఆనదు, హెచ్చితే అడుగు తీసి అడుగు వేయలేడు.

ఆ సాధనం సరళమైనదే అయినా నియమాలు కఠినమైనవి. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. పైన ఒక చెంబును నింపే గాలి 10 మీటర్ల లోతున సగం చెంబుకే సరిపోతుంది. కనుక దిగినకొద్దీ పంపు ఎక్కువ గాలిని అందించాలి. పంపు ఆగితే శిరస్త్రాణంలో నీటిమట్టం పెరుగుతుంది. ఆ మనిషి ముందుకు బాగా వంగినా, పట్టు తప్పి పక్కకు ఒరిగినా గాలి ఒక్కసారిగా బయటకు పోతుంది. అందువల్ల కింద ఉన్న వస్తువును తీసుకోవాలంటే తల నిటారుగా నిలిపి మోకాళ్ళ మీద వంగాలి. ప్రమాదం ఎదురైతే శిరస్త్రాణాన్ని ఎత్తి విడిచిపెట్టి పైకి రావచ్చు. అలా వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. లోతున పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. ఇక కిటికీ గుండా చూసినప్పుడు వక్రీభవనం వల్ల ప్రతి వస్తువూ ఉన్నదానికంటె దగ్గరగా, పెద్దదిగా కనిపిస్తుంది. చూసినదాన్ని నమ్మడానికి ముందు చూపునే సరిదిద్దుకోవడం అక్కడ నేర్చుకోవలసిన మొదటి పాఠం.

1925లో ఆర్క్‌టరస్ అనే నౌకలో సాగించిన యాత్రలో బీబీ ఈ శిరస్త్రాణాన్ని విరివిగా ఉపయోగించాడు. పసిఫిక్ మహాసముద్రంలోని గాలపాగస్ దీవుల వద్ద నిచ్చెన మీదుగా ఒక్కొక్క మెట్టే దిగుతూ ఆయన మరో లోకంలోకి ప్రవేశించాడు. అక్కడ చేపలు భయపడి పారిపోలేదు, వింత ప్రాణిని చూడవచ్చినట్లు ఆయన చుట్టూ మూగాయి. సొరచేపలు కూడా సమీపంలో తిరిగాయి. నరభక్షకులుగా అపకీర్తి పొందిన ఆ జీవులు తన జోలికి రాకుండా తమ దారిన తాము పోవడం చూసి, వాటి గురించి ప్రచారంలో ఉన్న భీతి చాలవరకు అతిశయోక్తి అని ఆయన గ్రహించాడు. పడవ మీద నుంచి చూసినవారికి ఎన్నటికీ తెలియని విషయమిది.

1927లో కరీబియన్ సముద్రంలోని హైతీ దేశానికి ఆయన ప్రత్యేకంగా ఒక యాత్ర జరిపాడు. అక్కడి రేవు నగరమైన పోర్ట్ ఓ ప్రిన్స్ సమీపంలో పగడాల దిబ్బల మధ్య ఆయన బృందం వందలాది సార్లు నీటిలోకి దిగింది. కాగితం నీటిలో నిలవదు కనుక జింకు రేకుల మీద పెన్సిలుతో వివరాలు వ్రాసుకున్నారు. ఏ చేప ఏ పగడపు కొమ్మ చాటున నివసిస్తుందో, ఏది దేనికి ఆహారమో, ఏది ఎప్పుడు రంగు మారుస్తుందో కళ్ళారా చూసి నమోదు చేశారు. ఈ అనుభవాలతో బీబీ 1928లో ప్రకటించిన గ్రంథం విశేష ప్రజాదరణ పొందింది. శిరస్త్రాణం ధరించి సముద్రపు అడుగున నడవడం శాస్త్రజ్ఞుల సొత్తు కాదని, ఏ విధంగానైనా ఒక శిరస్త్రాణం సంపాదించుకొని, జీవితంలో ఒక్కసారైనా ఆ లోకాన్ని చూడవలసిందని ఆయన పాఠకులను ప్రోత్సహించాడు. ఇంటి ముందు పూలతోట వేసుకున్నట్లు, తీరంలో నివసించేవారు పగడాలను పేర్చి సముద్రపు అడుగున తోటలు వేసుకునే కాలాన్ని ఆయన స్వప్నించాడు.

ఆ తరువాత బీబీ అట్లాంటిక్ మహాసముద్రంలోని బెర్ముడా దీవులను తన కార్యక్షేత్రంగా చేసుకున్నాడు. అక్కడి నాన్‌సచ్ అనే చిన్న దీవిలో పరిశోధన కేంద్రం వెలసింది. ఆయన బృందంలో స్త్రీలకు సముచిత స్థానం లభించింది. గ్లోరియా హొలిస్టర్, జోసెలిన్ క్రేన్ వంటి శాస్త్రజ్ఞురాళ్ళు ఆయనతో సమానంగా శ్రమించారు. ఎల్స్ బోస్టెల్‌మన్ అనే చిత్రకారిణి శిరస్త్రాణం ధరించి, నీటి అడుగున కూర్చుని, తైలవర్ణాలతో చిత్రాలు గీసింది. నూనెరంగులు నీటిలో కలిసిపోవు, కాని కుంచెలు మాత్రం పైకి తేలిపోతాయి. రంగుల పలక తేలిపోకుండా దానికి సీసపు బరువు కట్టుకొని ఆమె పనిచేసింది.

శిరస్త్రాణం మనిషిని సుమారు 60 అడుగుల లోతు వరకే క్షేమంగా తీసుకుపోగలదని బీబీ నియమం పెట్టుకున్నాడు. ఆ హద్దు దగ్గర నిలబడి చూస్తే, పగడాల వాలు మరింత కిందికి దిగి నీలి చీకటిలో కలిసిపోయేది. ఆ చీకటిలో ఏముందన్న ప్రశ్న ఆయనను నిలువనీయలేదు. ఆ సమయంలో ఆటిస్ బార్టన్ అనే యువకుడు ఒక ఉక్కు గోళపు నమూనాతో ఆయన వద్దకు వచ్చాడు. నాలుగు అడుగుల తొమ్మిది అంగుళాల వ్యాసం, మందమైన ఉక్కు గోడలు, గాజుకు బదులు క్వార్ట్‌జ్ కిటికీలు గల ఆ గోళానికి బీబీ బాతిస్ఫియర్ అని పేరు పెట్టాడు. పద్నాలుగు అంగుళాల ద్వారం గుండా ఇద్దరూ పాకి లోపలికి వెళ్ళాలి. తలుపును పది పెద్ద మరలతో బయటి నుంచి బిగిస్తారు. గోళాన్ని ఉక్కు తాడుతో సముద్రంలోకి దింపుతారు. తాడు తెగితే మరి ఆశ లేదు.

1930 జూన్ 6న వారిద్దరూ మొదటిసారి దిగారు. 300 అడుగుల లోతున తలుపు సందు నుంచి నీరు ఊరడం మొదలైంది. అటువంటి వేళ ఎవరైనా పైకి లాగమనే కేకవేస్తారు. బీబీ టెలిఫోనులో గోళాన్ని మరింత వేగంగా దింపమని కోరాడు. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడే తలుపును గట్టిగా అదిమిపెడుతుందని ఆయన ఆలోచన. అది నిజమైంది. ఆనాడు 800 అడుగుల వరకు వెళ్ళి, క్షేమంగా తిరిగి వచ్చారు. 1932లో మనుషులు లేకుండా పరీక్షార్థం దింపిన గోళం నిండా నీటితో పైకి వచ్చింది. మర వదులు చేయగానే లోపలి ఒత్తిడికి అది ఫిరంగి గుండువలె ఓడ మీదుగా దూసుకుపోయింది. లోపల మనుషులు ఉండి ఉంటే ఏమయ్యేవారో ఊహించడం కష్టం కాదు. అయినా ఆ ఏడాది సెప్టెంబరు 22న ఇద్దరూ మళ్ళీ 2200 అడుగులు దిగారు. గోళంలో నుంచి బీబీ పలికిన మాటలు రేడియోలో ప్రసారమయ్యాయి. 1934 ఆగస్టు 15న 3028 అడుగుల లోతుకు, అంటే 923 మీటర్లకు చేరి వారు రికార్డు నెలకొల్పారు. అది పదిహేనేళ్ళ పాటు చెక్కుచెదరలేదు.

కీర్తి శిఖరాన్ని అందుకున్న వేళనే బీబీకి కఠిన పరీక్ష ఎదురైంది. గోళపు కిటికీ గుండా తాను చూసిన కొన్ని వింత చేపలను వర్ణించి, వాటిని కొత్త జాతులుగా భావించి శాస్త్రీయ నామాలు పెట్టాడు. వాటిలో ఒకటి ఆరడుగుల పొడవున, దేహపార్శ్వాన వెలుగు చుక్కల వరుసతో సాగిపోయిందని ఆయన తెలిపాడు. వాటిని వలవేసి పట్టడానికి వీలు కాలేదు, ఛాయాచిత్రాలూ లేవు. నమూనా చేతిలో లేకుండా పేరు పెట్టడం తగదని కొందరు మత్స్యశాస్త్ర నిపుణులు ఆక్షేపించారు. కిటికీ మీద పడిన కాంతి ప్రతిబింబాలను చూసి ఆయన పొరపాటు పడి ఉంటాడని సందేహించారు. ఆయన పేర్లు పెట్టిన చేపలలో కొన్ని నేటివరకు మరెవ్వరికీ కనిపించలేదు. అవి నిజమో భ్రమో తేల్చి చెప్పగల ఆధారం లేదు. ఆక్షేపించినవారి వాదనలోనూ న్యాయం ఉన్నది. సాక్ష్యం లేని సత్యాన్ని శాస్త్రం అంగీకరించదు.

ఈ సందర్భంలో బీబీ జీవితంలోని రెండు సాధనాలను పోల్చి చూడడం అవసరం. ఉక్కుగోళం ఆయనను అరమైలు లోతుకు తీసుకుపోయింది. కాని అక్కడ చూసినవారు ఇద్దరే. లోకం వారి మాటను నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు, వెళ్ళి సరిచూసుకోలేదు. శిరస్త్రాణం ఆయనను తాటిచెట్టంత లోతుకు మాత్రమే తీసుకుపోయింది. కాని ఆయన చెప్పినదాన్ని శంకించినవారు తామే నిచ్చెన దిగి చూసుకోవచ్చు. అందుకే శిరస్త్రాణంతో ఆయన చేసిన పరిశీలనలకు అటువంటి వివాదం అంటలేదు. చరిత్రలో గోళానికి ఎక్కువ పేరు వచ్చింది. ఎక్కువమందికి సముద్రాన్ని చేరువ చేసింది మాత్రం ఆ రాగి శిరస్త్రాణమే.

ఆ ప్రభావం తరువాతి తరాలలో కనిపించింది. సముద్రం గురించి మహత్తరమైన గ్రంథాన్ని వ్రాస్తున్న రేచెల్ కార్సన్‌ను, కనీసం ఒక్కసారైనా నీటి అడుగుకు వెళ్ళి చూడవలసిందని బీబీ ప్రోత్సహించాడు. ఆమె 1949లో ఫ్లోరిడా తీరాన శిరస్త్రాణం ధరించి దిగింది. వాతావరణం అనుకూలించక ఎక్కువ దూరం నడవలేకపోయినా, పైనుంచి చూసే సముద్రానికీ లోపలి నుంచి చూసే సముద్రానికీ గల భేదం ఆమెకు అనుభవమైంది. 1951లో వెలువడిన ఆమె గ్రంథం లోకప్రసిద్ధి పొందింది. సముద్ర పరిశోధకురాలిగా ఖ్యాతి గడించిన సిల్వియా ఎర్ల్ కూడా బీబీ రచనల వల్ల ఉత్తేజం పొందినవారిలో ఒకరు.

చివరి సంవత్సరాలలో బీబీ మళ్ళీ అరణ్యానికే చేరుకున్నాడు. ట్రినిడాడ్ దీవిలో సిమ్లా అనే పేరు గల ఎస్టేటును కొని పరిశోధన కేంద్రంగా మార్చి, దాన్ని తాను సేవించిన సంస్థకే అప్పగించాడు. అక్కడే 1962 జూన్ 4న కన్నుమూశాడు.

గాలి సీసాలను వీపున మోసుకొని ఈదే పద్ధతి 1940వ దశకం తరువాత వ్యాప్తిలోకి రావడంతో, శాస్త్రజ్ఞులకు రాగి శిరస్త్రాణంతో పని తీరింది. కాని విహారయాత్రికులకు తీరలేదు. నేడు మారిషస్‌లోను, థాయ్‌లాండ్‌లోను, మన అండమాన్ దీవులలోను ఈత రానివారు సైతం తల మీద శిరస్త్రాణం ధరించి, సముద్రపు అడుగున పగడాల మధ్య నడిచి వస్తున్నారు. చేతి పంపు స్థానంలో యంత్రం వచ్చింది, చిన్న కిటికీల స్థానంలో విశాలమైన పారదర్శక ఫలకం వచ్చింది. అడుగు తెరిచి ఉన్న శిరస్త్రాణంలో గాలి నీటిని ఆపి ఉంచే సూత్రం మాత్రం అలాగే ఉన్నది. అలా నడిచేవారు పాటించవలసిన ధర్మం కూడా ఒకటున్నది. పగడం రాయి కాదు, ప్రాణి. ఒక్క అడుగు తాకిడికి విరిగిన కొమ్మ తిరిగి పెరగడానికి ఏళ్ళు పడుతుంది. చూడడానికి వెళ్ళినవారు చూసి రావాలి గాని చెరిపి రాకూడదు.

తెలియని లోకాన్ని గురించి దూరం నుంచి ఊహించడం సులభం, దగ్గరకు వెళ్ళి చూడడం సాహసం, చూసినదాన్ని ఇతరులు కూడా చూడగలిగేలా దారి వేయడం ఔదార్యం. పట్టా లేని పండితుడైన విలియం బీబీ ఈ మూడవ మెట్టును అందుకున్నాడు. ఆయన దిగిన నిచ్చెన నేటికీ సముద్రంలోనే ఉన్నది. దాని మీద ఇప్పుడు సామాన్యులు దిగుతున్నారు.